పెదవి విరుపు

పిల్లలూ! మీరు రోజూ అద్దంలో ముఖం చూసుకుంటారు. తల దువ్వుకునేటప్పుడు చూసుకుంటారు, బొట్టు పెట్టుకునేటప్పుడు చూసుకుంటారు. కాని మీ ముఖం పక్కనుంచి ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు? ఒక్క అద్దంలో అది సరిగా కనబడదు. పక్క ముఖం చూసుకోవాలంటే రెండు అద్దాలు కావాలి. ఒకటి ఎదురుగాను, ఒకటి పక్కగాను పెట్టుకోవాలి. అంటే మన పక్క ముఖాన్ని మనకంటె ఇతరులే ఎక్కువగా చూస్తారన్న మాట!

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రెండు అద్దాలు తెచ్చుకుని ఈ పని చేసి చూడండి. ముందు నోరు మామూలుగా మూసి పక్క ముఖం చూసుకోండి. చాలామందికి పై పెదవి కాస్త ముందుకు, కింది పెదవి దానికి కొంచెం లోపలగా ఉంటుంది. తరవాత కింది దవడను మెల్లిగా ముందుకు జరిపి, కింది పళ్ళు పైపళ్ళకు ముందు వచ్చేటట్టు నోరు మూయండి. ఏమైంది? కింది పెదవి ముందుకు పొడుచుకు వచ్చింది. పై పెదవి లోపలికి పోయి సన్నబడింది. చూస్తే ఎవరిమీదనో అలిగినట్టు, ఎవరినో లక్ష్యపెట్టనట్టు ఉన్నది. "పెదవి విరిచాడు" అని మనం అనేది ఇలాంటి ముఖాన్ని చూసే.

మీరు నవ్వుకుని దవడను వెనక్కి తీసుకుంటారు. అలా తీసుకోలేనివాళ్ళ సంగతి ఏమిటి? వాళ్ళను గురించి చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. ముందు అది చెబుతాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉపాధ్యాయుడుగా పనిచేశాను. చివరి కొన్నేళ్ళు హెడ్మాస్టరుగా ఉండి రిటైరై, ఇప్పుడు మేడ్చల్‌లో ఉంటున్నాను. 1994లో ఈ చుట్టుపక్కలే ఒక పల్లె బడిలో ఏడవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ద్రాక్షతోటలు చాలా ఉండేవి. పందిళ్ళ కింద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడుతుండేవి. తరవాత వాటిలో చాలా భాగం ఇళ్ళ స్థలాలైపోయినాయి. అలాంటి తోటలో పనిచేసే ఒకాయన కొడుకు నా తరగతిలో ఉండేవాడు. చురుకైన కుర్రవాడు. ముందు బెంచీలో కూచునేవాడు.

ఒకనాడు వాణ్ణి లేపి పద్యం అప్పజెప్పమన్నాను. వాడు తడుముకోకుండా అప్పజెప్పసాగాడు. కాని "స" వచ్చినచోటల్లా మాట జారుతున్నది. రెండుసార్లు సరిదిద్దాను. మూడోసారి కూడా అలాగే పలికాడు. నేను కోపంగా చూశాను. వాడు నోరు మూసుకుని నిలబడ్డాడు. కింది పెదవి ముందుకు వచ్చి ఉన్నది.

"ఏమిటా పెదవి విరుపు? నేనంటే అంత లెక్కలేకుండా పోయిందా?" అన్నాను.

"లేదు సార్," అన్నాడు వాడు. పెదవి మాత్రం అలాగే ఉన్నది.

"మూతి సరిగా పెట్టు!" అని గద్దించాను. వాడు పెట్టలేకపోయాడు. గంట కొట్టేదాకా బయట వేపచెట్టు కింద నిలబడమన్నాను.

వాడు నిలబడింది ఆ ఒక్క గంటే. కాని మర్నాటినుంచి తరగతిలో వాడి పేరు పోయి "మూతి" అన్న పేరు వచ్చింది. పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కాని పంతులు అన్న మాటనే పట్టుకుని వెక్కిరిస్తే, ఇక దానికి అడ్డు చెప్పేవాళ్ళెవరు? వాడు క్రమంగా వెనక బెంచీకి పోయాడు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నేను అది చూశాను గాని, ఎందుకని ఆలోచించలేదు.

చాలా ఏళ్ళు గడిచిపోయాయి. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా మనవణ్ణి శామీర్‌పేట చెరువు చూపించడానికి తీసుకువెళ్ళాను. తిరిగి వస్తూ, రోడ్డు పక్కన పూలమొక్కలు అమ్మే ఒకచోట ఆగి, రెండు మల్లె మొక్కలు అడిగాను. మొక్కలు తీస్తున్న మనిషి ఒక్కసారి తలెత్తి, "నమస్తే సార్, నన్ను గుర్తుపట్టిన్రా?" అన్నాడు.

నేను గుర్తుపట్టలేదు. నలభై దాటిన మనిషి, ముఖం నిండా గడ్డం. అతను ఇంకేదో చెప్పబోతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను.

అతని వెనక కుండీలకు నీళ్ళు పోస్తున్న ఒక చిన్నపిల్ల మమ్మల్ని చూసి దగ్గిరికి వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. మూడవ తరగతి చదువుతున్నదట. ఆ పిల్ల నన్ను చూసి నోరు మూసుకుని నిలబడింది. 1994లో నా ఎదుట నిలబడిన ముఖమే అది. అదే పెదవి.

"నా మూతే నా బిడ్డకు వచ్చింది సార్," అన్నాడు అతను నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఈ మధ్య బడికి పోనంటున్నది. పిల్లలు ఏదో అంటున్నరట," అన్నాడు.

"ఆనాడు నేను చాలా తప్పు చేశాను," అన్నాను.

"అయ్యో, ఎన్నటి మాట సార్!" అని అతను మొక్కల కింద గోనెపట్టా సర్దాడు. కాసేపాగి మెల్లిగా అన్నాడు: "మూతి సరిగా పెట్టమన్నరు గద సార్ మీరు. ఆ రాత్రి ఇంట్ల అద్దం ముందర నిలబడి చానాసేపు చూసిన. ఎట్ల పెట్టాల్నో నాకు తెల్వలేదు."

ఆ మాటకు నా దగ్గిర జవాబు లేదు. పిల్లను పళ్ళ డాక్టరుకు చూపించారా అని అడిగాను. పాలపళ్ళు ఊడితే అదే సర్దుకుంటుందని ఎవరో చెప్పారట. పాలపళ్ళు ఊడి, ముందు పళ్ళు కొత్తవి వచ్చినా సర్దుకోలేదు. పెదవికి ఆపరేషను చేస్తారేమోనని ఇంట్లోవాళ్ళకు భయం కూడాను.

ఆ వారంలోనే ముగ్గురం బయలుదేరాం. శామీర్‌పేటలో బస్సెక్కి జూబిలీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి అఫ్జల్‌గంజ్ వెళ్ళాం. ఉస్మానియా ఆసుపత్రికి దగ్గిరలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అది 1959లో ఏర్పడిన కళాశాల. చీటీ రాయించుకుని వరసలో కూచున్నాం. పిల్ల దిగులుగా ఉన్నది. దాని దిగులు పోగొట్టడానికి ఒక కథ చెప్పాను. కథ అన్నాను గాని, జరిగిన సంగతే.

ఐరోపాలో హాబ్స్‌బర్గ్ అనే గొప్ప రాజవంశం ఒకటి ఉండేది. ఆ వంశంలో పుట్టిన ఐదవ చార్లెస్ చక్రవర్తి (1500–1558) స్పెయిన్‌ను, ఇంకా ఎన్నో దేశాలను ఏలాడు. ఆయన కింది దవడ, కింది పెదవి ముందుకు వచ్చి ఉండేవి. అన్నం నమలడానికి కూడా కష్టపడేవాడు. ఆ వంశంలో తరవాత వచ్చినవారిలో చాలామందికి అదే దవడ, అదే పెదవి. స్పెయిన్‌ను ఏలిన ఆ వంశపు చివరి రాజు రెండవ చార్లెస్ (1661–1700) స్థితి మరీ కష్టం. గొప్ప గొప్ప చిత్రకారులు వేసిన వాళ్ళ పటాలు ఈనాటికీ ఉన్నాయి. 2019లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు అలాంటి పటాలు 66 తీసుకుని, దవడలకు శస్త్రచికిత్స చేసే డాక్టర్లు పదిమందికి చూపించి పరీక్ష చేయించారు. తరతరాలుగా దగ్గిరి చుట్టాలలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడానికీ, ఈ దవడకూ సంబంధం ఉన్నట్టు తేల్చారు.

"రాజుగారిని బడిలో ఏమనేవారు తాతా?" అని అడిగింది పిల్ల.

"రాజును ఎవరంటారమ్మా! అనే ధైర్యం ఎవరికుంటుంది?" అన్నాను.

"మరి నన్నెందుకు అంటరు?" అన్నది అది. వాళ్ళ నాన్న గోడవంక చూస్తూ కూచున్నాడు. ఇంతలో మా వంతు వచ్చింది.

డాక్టరుగారు ఒక ఆడమనిషి. ఆమె పిల్లను కుర్చీలో కూచోబెట్టి నోరు పరీక్షించారు. పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. తలను కదలకుండా నిలిపి, ప్రతిసారీ ఒకే దూరంనుంచి ఇలా పక్క ఎక్స్‌రే తీసే పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ విడివిడిగా కనిపెట్టారు. దానిలో ఎముకలు, పళ్ళు, వాటి ముందు నీడలాగా పెదవులు కూడా కనిపిస్తాయి. ఆమె కాగితంమీద "మూడవ తరగతి" అని రాశారు.

"నేను కూడా మూడవ తరగతే!" అన్నది పిల్ల.

డాక్టరుగారు నవ్వి, ఇది వేరే మూడవ తరగతి అన్నారు. పై దవడ, కింది దవడ పళ్ళు ఒకదానిమీద ఒకటి కూచునే తీరును 1899లో యాంగిల్ అనే అమెరికా దంతవైద్యుడు మూడు తరగతులుగా విడదీశాడు. కింది పళ్ళు ముందుకు వచ్చేది మూడవ తరగతి. ఇది చైనా, మలేసియా ప్రజలలో ఎక్కువగాను, మన దేశంలో తక్కువగాను కనిపిస్తుంది.

"ఇంట్లో పప్పుల డబ్బా చూశావు గదా?" అన్నారామె. "మూత ఎక్కడ ఉంటుంది? డబ్బా అంచుకు బయటగా ఉంటుంది. మన పైపళ్ళు మూత, కింది పళ్ళు డబ్బా. నీకు డబ్బా అంచు మూతకు బయట ఉన్నది. పై దవడ కాస్త తక్కువగా పెరిగింది, అంతే."

"మరి పెదవో?" అన్నాడు తండ్రి.

"పెదవి తలుపుకు వేసిన తెరవంటిది," అన్నారామె. "తెర వెనక బల్ల ఉంటే తెర ముందుకు ఉబ్బుతుంది. బల్ల వెనక్కి లాగితే తెర లోపలికి పోతుంది. పై పెదవి పైపళ్ళకు ఆనుకుని ఉంటుంది. పైపళ్ళు వెనక ఉంటే దానికి ఆనుకునేందుకు ఏమీ ఉండదు. అందుకే లోపలికి పోయి సన్నగా కనిపిస్తుంది. కింది పెదవిని కింది పళ్ళు ముందుకు తోస్తాయి. పెదవిలో ఏ దోషమూ లేదు. మేము పెదవిని ముట్టుకోము. వెనక ఉన్నదాన్ని సరిచేస్తే పెదవే సర్దుకుంటుంది."

"స" ఎందుకు జారుతుందో అప్పుడే నాకు తెలిసింది. పైపళ్ళు, కింది పళ్ళు దాదాపు అంచులు కలిసేటట్టు వచ్చి, వాటి సందులోనుంచి గాలి సన్నగా పోతేనే "స" స్పష్టంగా పలుకుతుంది. "ఫ" పలకాలంటే కింది పెదవి పైపళ్ళను తాకాలి. పైపళ్ళు వెనక ఉంటే ఈ రెండూ కష్టమే. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పిన నేను ఈ సంగతి ఆ రోజు ఆ కుర్చీ పక్కన నిలబడి నేర్చుకున్నాను!

డాక్టరుగారు ఒక స్కేలు తీసి, పిల్ల ముక్కు కొనకూ గడ్డానికీ ఆనించి పక్కనుంచి చూపారు. రికెట్స్ అనే అమెరికా దంతవైద్యుడు చెప్పిన గీత అది. చాలామందికి రెండు పెదవులూ ఆ గీతకు కొంచెం లోపలనో, దగ్గిరనో ఉంటాయి. ఈ పిల్లకు కింది పెదవి గీతను దాటింది. పై పెదవి బాగా వెనక ఉన్నది. అయితే అన్ని దేశాల ముఖాలకూ ఒకే కొలత పనికిరాదనీ, మనవాళ్ళ పెదవులు తెల్లవారి పెదవులకంటె ఆ గీతకు దగ్గిరగా ఉండటం సహజమేననీ ఆమె చెప్పారు.

వైద్యం ఎలా చేశారో వినండి. ముందు అంగిలికి ఒక పట్టీ అమర్చారు. దాని మధ్య చిన్న మర ఉన్నది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇంటి దగ్గిర ఒక చిన్న పుల్లతో ఆ మరను తిప్పాలి. దానితో పై దవడ కొద్దికొద్దిగా వెడల్పవుతుంది. తరవాత ముఖానికి పైన ఒక చట్రం. దానికి నుదుటి మీద ఒక మెత్త, గడ్డం మీద ఒక మెత్త ఉంటాయి. ఆ రెంటినీ కలిపే కడ్డీ ముఖం ముందు ఉంటుంది. లోపలి పట్టీ కొక్కేలనుంచి ఈ కడ్డీకి రెండు రబ్బరు తీగలు తగిలిస్తారు. దీన్ని ఫేస్ మాస్క్ అంటారు. రోజుకు 14 గంటలు పెట్టుకోవాలి.

రబ్బరు తీగ ఎముకను లాగుతుందా అని మీకు అనుమానం రావచ్చు. పై దవడ ముఖంలోని ఇతర ఎముకలతో అతుకుల దగ్గిర కలుస్తుంది. చిన్నతనంలో ఆ అతుకులు పూర్తిగా బిగుసుకోవు. మెల్లిగా, విడవకుండా లాగుతుంటే అతుకుల దగ్గిర కొత్త ఎముక పెరుగుతుంది. దవడ ముందుకు వస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసు దీనికి మంచి అదను. తండ్రి ఈ మాట విని తల ఊపాడు.

"మా ద్రాక్షతీగ లెక్కనే సార్," అన్నాడు. "లేతగ ఉన్నప్పుడే పందిరికి పాకియ్యాలె. ముదిరినంక వంచితే విరుగుతది."

ఆ పిల్ల పట్టుదల గురించి చెప్పాలి. మొదటి వారం దవడ సలిపింది. గడ్డం కింద ఎర్రగా కమిలింది. అయినా సాయంత్రం బడినుంచి రాగానే చట్రం పెట్టుకుని, తెల్లవారి బడికి పోయేముందు తీసేది. "క్రికెట్ ఆటగాడి లెక్క ఉన్నానా తాతా?" అని అడిగేది. తండ్రి మరను ఒక్కరోజు తప్పకుండా తిప్పేవాడు. నేను వారానికొకసారి వెళ్ళి కథలు చదివి వినిపించేవాణ్ణి. నా వంతు అంతకన్న ఏమున్నది!

పది నెలలకు మూత డబ్బాకు బయటికి వచ్చింది! పైపళ్ళు కింది పళ్ళకు ముందు కూచున్నాయి. పై పెదవికి వెనక ఆధారం దొరికి నిండుగా వచ్చింది. లోపలికి పోయిన ఎరుపు కాస్త బయట పడింది. కింది పెదవి వెనక్కి తగ్గి పైపళ్ళ అంచుమీద ఆనింది. కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఉండే పల్లం, ఇదివరకు చదునుగా ఉన్నది, కొంచెం తెలిసివచ్చింది. చట్రం గడ్డాన్ని వెనక్కి నొక్కటం వల్ల కింది దవడ కాస్త కిందికీ వెనక్కీ తిరిగింది.

అయితే పిల్లలూ, జరిగినదానికంటె ఎక్కువ చెప్పటం ఉపాధ్యాయుడికి తగదు. పళ్ళు ఎంత జరిగితే పెదవి అంత జరగదు. దానికంటె తక్కువే జరుగుతుంది. కింది పెదవి పళ్ళను దగ్గిరగా అనుసరిస్తుంది, పై పెదవి అంతగా అనుసరించదు. పెదవి దళసరిగా ఉన్నవాళ్ళకు మార్పు తక్కువగా కనిపిస్తుంది. పైగా కింది దవడ పదిహేను, పద్ధెనిమిదేళ్ళ దాకా పెరుగుతుంది. కొందరికి ఆ పెరుగుదలలో మళ్ళీ కింది పళ్ళు ముందుకు రావచ్చు. బ్రిటన్‌లో 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫేస్ మాస్క్ పెట్టి, రెండవ జట్టుకు పెట్టకుండా ఆరేళ్ళ తరవాత పరీక్షించారు. పెట్టుకోనివారిలో నూటికి 66 మందికి ముందుముందు శస్త్రచికిత్స కావాలని తేలింది. పెట్టుకున్నవారిలో నూటికి 36 మందికే కావాలని తేలింది. ఈ ఫలితాలు 2016లో వెలువడినాయి. అంటే లాభం గట్టిదేగాని, అందరికీ పూర్తిగా నయమవుతుందని కాదు. అందుకే ఎదుగుదల ఆగేదాకా ఆ పిల్ల ఏటేటా డాక్టరుకు చూపించుకోవాలి.

తండ్రి సంగతి కూడా అడిగాను. ఎదిగినవారికి రెండు దారులున్నాయట. ఒకటి, క్లిప్పులు వేసి కింది ముందు పళ్ళను వెనక్కి తీసుకురావటం. కింది పెదవి కొంత తగ్గుతుంది గాని, ఎముక అక్కడే ఉంటుంది కనక గడ్డం ముందుకే కనిపిస్తుంది. రెండవది దవడ ఎముకలకు శస్త్రచికిత్స. డాక్టరుగారు రెండూ వివరించారు. అతను నవ్వి, "ఇంత కాలం ఈ మూతితోనే మొక్కలు అమ్మిన. నాకేం వద్దు మేడమ్, బిడ్డది సూడుండ్రి," అన్నాడు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

తల్లిదండ్రులారా! పిల్లల ముందు పళ్ళు కొత్తవి వచ్చినప్పుడు ఒకసారి వాళ్ళను నోరు మూయమని, పెదవులు విప్పి చూడండి. కింది పళ్ళు ముందుంటే, సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. ఏడేళ్ళకల్లా ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. ఉపాధ్యాయులారా! తప్పు పలికిన పిల్లవాణ్ణి దండించేముందు వాడి నోట్లో ఏముందో చూడండి. నేను చూడలేదు.

మొన్న నేను శామీర్‌పేట వెళ్ళినప్పుడు ఆ పిల్ల రెండు అద్దాలు పట్టుకుని నా ముందు కూచున్నది. ఇప్పుడు దానికి పదేళ్ళు. పక్క ముఖం చూసుకుని, "ఇప్పుడు అలిగినట్టు లేను గద తాతా?" అని అడిగింది.

"అప్పుడూ నువ్వు అలగలేదమ్మా. చూసేవాళ్ళం మేమే తప్పు చదివాం," అన్నాను.

పిల్లలూ! పుస్తకంలో అక్షరాలు చదవటం మీకు బడిలో నేర్పుతారు. ముఖాలు చదవటం ఎవరూ నేర్పరు. కనక మీ తరగతిలో ఎవరి పెదవైనా విరిచినట్టు కనిపిస్తే, తొందరపడి పేరు పెట్టకండి. వాళ్ళకు అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉన్నది. ఆ పేరుతో పిలిచి, పక్కన కూచోండి.